ఎవరి మనిషినీ కాను

"ఆ కాయ ఇటివ్వమ్మా. బయట టీవీవాళ్ళు కాచుకుని కూర్చున్నారు."

అమ్మ ఇవ్వలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, పీచు తీసిన కొబ్బరికాయను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి ఉంచింది. పొయ్యి మీద తేనీరు మరిగి మరిగి అడుగంటుతున్నా అటు చూడలేదు.

"కొట్టడానికి కొట్లో కాయలు లేవా?" అంది చివరికి.

"రువన్ నాటిన చెట్టు కాయే కొడతానని నిన్న టీవీలో చెప్పేశానమ్మా. దేశమంతా విన్నది."

మా అన్నయ్య పద్ధతే అంత. ఏ మాటైనా ముందు టీవీలో చెబుతాడు, తర్వాత ఇంట్లో అడుగుతాడు. దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానన్న సంగతి కూడా మాకు పక్కింటి రేడియో చెప్పింది.

ప్రచారానికి అదే ఆఖరి రోజు. అంతకు ముందు వారం ప్రత్యర్థి ఒకడు టీవీ చర్చలో అన్నయ్యను నిలదీశాడు. "నువ్వు ఆ పెద్ద పార్టీ నాయకుడు పల్లెవత్త మనిషివని ఊరంతా అంటోంది. కాదంటే సముద్రం ఒడ్డు దేవాలెలో కాయ కొట్టి ఒట్టు వేస్తావా?" అని. అతను మాట పూర్తి చేయకుండానే అన్నయ్య వేస్తానన్నాడు. మా దక్షిణ తీరంలో నాయకులు సభలో అబద్ధం చెప్పినా, కోర్టులో చెప్పినా జనం ఆవులించి ఊరుకుంటారు. ఆ దేవాలె గుడిలో కాయ పట్టుకుని చెబితే మాత్రం నమ్ముతారు.

గోడల నిండా అన్నయ్య బొమ్మలే. తెల్ల చొక్కా, తెల్ల లుంగీ, చేతులు జోడించి. కింద పెద్ద అక్షరాలతో ఒకటే మాట: నేను ఎవరి మనిషినీ కాను.

"అమ్మా, టైమవుతోంది."

"ఇవ్వకమ్మా," అన్నాను నేను.

అన్నయ్య నావైపు తిరిగాడు. "శ్రియానీ, నువ్వు మధ్యలో రాకు."

"రాక ఏం చెయ్యను? నిన్న మా బడికి పోలింగు ఏర్పాట్లు చూడటానికి మనుషులు వచ్చారు. అందులో బందుల ఉన్నాడు. చొక్కాకు నీ బ్యాడ్జి పెట్టుకుని ఉన్నాడు. పోలింగు రోజున నీ ఏజెంటుగా కూర్చునేది వాడేనట!"

బందుల అన్న పేరు వినగానే వదిన నిలంతి గుమ్మంలో ఆగిపోయింది. అమ్మకు వినిపించకూడదని నిన్నటినుంచీ మేమిద్దరం నోరు కుట్టుకుని తిరిగాం. కానీ నాకు కోపం వస్తే నోరు నా మాట వినదు.

"అయితే ఏమిటి? ఎవరో ఒకరు కూర్చోవాలి," అన్నాడు అన్నయ్య.

"మన వీధి కుర్రాళ్ళు ఎండలో పడి నీ పోస్టర్లు అంటించారు. వాళ్ళలో ఒక్కడికి బ్యాడ్జి ఇచ్చావా? జిల్లా మొత్తం పల్లెవత్త మనుషులకే ఇచ్చావు. ఓట్లు లెక్కపెట్టే గదిలోనూ వాళ్ళే. టీవీలో నీకు ఉచితంగా మాట్లాడే సమయం ఇస్తే అక్కడా పల్లెవత్త పార్టీకి ఎదురు నిలబడ్డవాళ్ళనే తిట్టావు. పల్లెవత్తను ఒక్క మాట అన్నావా? ఆయన పార్టీ నిన్ను నిలబెట్టింది గెలవడానికి కాదు, వాళ్ళ మనుషులకు ఆ గదుల్లో అదనంగా కుర్చీలు దొరకడానికి."

"నేను ఎవరి దగ్గరైనా రూపాయి ముట్టానా? చెప్పు! ఒక్క రూపాయి?"

"ముట్టలేదు. అది నిజమే. నిజాయితీ అంటే చేతికి నోటు అంటకపోవడమే అనుకుంటున్నావు నువ్వు. నిన్ను నువ్వే ఎత్తి వాళ్ళకిచ్చావు. ఇంక రూపాయి ఎందుకు?"

"బడిపంతులమ్మ కబుర్లు చెప్పకు. రాజకీయం అంటే ఏమిటో నీకేం తెలుసు? ఒంటరివాడికి ఈ దేశంలో ఎవడు పలుకుతాడు?"

"పలకరు. అలాగే చెప్పు జనానికి. ఒంటరిగా నిలబడలేకపోయాను, ఒకరి పంచన చేరాను అని చెప్పు. కష్టం కదా పాపం, అర్థం చేసుకుంటారు. గోడ మీద ఆ రాతెందుకు?"

అన్నయ్య ఏదో అనబోయాడు. అప్పుడు అమ్మ గొంతు వినిపించింది.

"సోమా, వాళ్ళింట్లో అన్నం తిన్నావా?"

మా ఇళ్ళలో ఎవరు వచ్చినా ముందు అడిగేది ఆ మాటే. అన్నయ్య ఊరినుంచి వస్తే అమ్మ అడుగుతుంది, నేను బడినుంచి వస్తే అడుగుతుంది. ఆ పొద్దుట మాత్రం ఆ మాట అడుగుతూ ఆమె కాయను ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎందుకో మాకందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట, కుర్రాళ్ళు కనిపించకుండా పోతున్న ఆ పాడు రోజుల్లో, మా తమ్ముడు రువన్‌ను ఒక జీపు ఇంటి ముందునుంచి ఎత్తుకుపోయింది. వాడికి అప్పుడు మీసం కూడా సరిగా రాలేదు. అమ్మ ఎక్కని పోలీసు స్టేషను లేదు. అన్నీ అయిపోయాక ఆ దేవాలెకు వెళ్ళి, శాపం పెట్టే రాతి మీద మిరపకాయలు నూరింది. అక్కడి పూజారిని మేం కపు మహత్తయ అంటాం. శాపం ఎవరి మీదో పేరు చెప్పమన్నాడట ఆయన. అమ్మకు అప్పటికి పేరు తెలియదు. పేరు లేకపోతే శాపం ఎక్కడికి పోవాలో తెలియదు కాబట్టి, వల విప్పి విసిరినట్టు విసరాలన్నాడు. అమ్మ అలాగే విసిరింది. నా బిడ్డను తీసుకుపోయినవాడు, వాడి ఇంటి అన్నం తిన్నవాళ్ళు, వాడి నీడన నిలబడ్డవాళ్ళు ఈ మిరపకాయల్లాగే మండిపోవాలి అని.

ఆ జీపు పల్లెవత్తదనీ, దాన్ని నడిపింది బందుల అనీ ఏడాది తర్వాత తెలిసింది.

నేను శాపాలు నమ్మను. పిల్లలకు సైన్సు చెప్పుకుని బతుకుతున్నాను. కానీ అమ్మ నమ్ముతుంది. ఆ మిరపకాయల ఘాటు ఆ రోజునుంచి ఆమె కళ్ళలోనే ఉండిపోయింది.

"తిన్నావా లేదా?"

"లేదమ్మా," అన్నాడు అన్నయ్య.

మరీ తొందరగా అన్నాడు. అమ్మ అతన్ని చూడలేదు, వదినను చూసింది.

"నిలంతీ, నువ్వు చెప్పు."

వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య ఆమెవైపు కళ్ళు పెద్దవి చేశాడు. కానీ వదిన అత్తగారి దగ్గర అబద్ధం చెప్పలేదు, పెళ్ళయిననాటి నుంచీ అంతే.

"తిన్నాం అత్తమ్మా. ఇద్దరం తిన్నాం. పల్లెవత్తే దగ్గరుండి వడ్డించాడు."

తేనీరు మాడిన వాసన వస్తోంది. నేను గిన్నె దించాను. చెయ్యి కాలింది, అయినా ఎవరూ చూడలేదు.

అన్నయ్య ఒక్కసారిగా అమ్మ ముందు నేల మీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లుంగీకి బూడిద అంటుకుంది.

"రువన్ కోసమే తిన్నానమ్మా."

అమ్మ తల ఎత్తింది.

"వాణ్ణి ఎక్కడ పూడ్చారో చెబుతానన్నాడు. ఎన్నికలయ్యాక చోటు చూపిస్తానని నాకు మాటిచ్చాడు. అందుకే వెళ్ళాను. లేకపోతే నేను ఆ గడప తొక్కుతానా?"

పూడ్చారు అన్న మాట మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదు. ఈ ఇరవై ఏళ్ళూ అమ్మ పెరటి తలుపు గడియ వేయనివ్వలేదు. రువన్ వస్తే తలుపు తట్టే పని ఉండకూడదట. ఆ మాట విని అమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"చోటు చూపిస్తాడా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

"చూపిస్తాడమ్మా."

"బట్టలైనా మిగిలి ఉంటాయా? ఆకుపచ్చ గళ్ళ చొక్కా వేసుకున్నాడు ఆ రోజు."

అన్నయ్య తల వంచుకున్నాడు. ఆ నిమిషంలో నాకు కూడా అన్నయ్య మీద జాలేసింది. తమ్ముడి ఎముకల కోసం మనిషి ఎంతకైనా దిగజారతాడు, నేనైనా దిగజారేదాన్నే అనుకున్నాను. ఇందాక నేనన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

అమ్మ కాయ చంకన పెట్టుకుని లేచింది. మూలనున్న కొబ్బరినూనె సీసా తీసింది.

"పదండి. అక్కడ ముందు నేను లోపలికి వెళ్ళాలి. రాయి కడిగి, పెట్టిన శాపం తీసేసుకోవాలి. లేకపోతే అది నీ మీద పడుతుంది, నిలంతి మీద పడుతుంది. తర్వాత కాయ ఇస్తాను. కానీ సోమా, ఒక్కటి అడుగుతాను. అది చేతిలో ఉండగా మాత్రం అబద్ధం చెప్పకు. నేను ఒకసారే తీసేయగలను. రెండోసారి నాకు శక్తి లేదు."

"చెప్పనమ్మా."

"గెలవకపోతే పోయె. నిజం చెప్పి ఇంటికి రా. నీకిష్టమని పాలన్నం వండుతాను."

"సరేనమ్మా."

మేమంతా విన్నాం ఆ మాట.

* * *

దేవాలె ముందు ఇసుక కనిపించనంత జనం. చేపల మార్కెట్టు ఆడవాళ్ళు గంపలతో సహా వచ్చి నిలబడ్డారు. అన్నయ్య కారు దిగగానే కెమెరాలన్నీ అటు పరిగెత్తాయి. ఆ సందులో నేనూ అమ్మా పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాం.

కపు మహత్తయ బాగా ముసలివాడైపోయాడు. అయినా అమ్మను చూడగానే గుర్తుపట్టాడు.

"వచ్చావా తల్లీ? తగిలిందా వాడికి?"

"తీసేసుకోవడానికి వచ్చాను నాయనా."

ఆయన కారణం అడగలేదు. రాయి మీద కప్పిన ఎర్రగుడ్డ తీశాడు. "నీళ్ళతో కడుగు. నూనె పట్టించు. క్షమించానని మూడుసార్లు నోటితో అనాలి. మనసులో అనుకుంటే కుదరదు. ఆ రోజు పేరు తెలియదన్నావు. ఇప్పుడు తెలుసా?"

"తెలుసు."

"అయితే పేరు పెట్టి అను."

అమ్మ రాయి కడిగింది. నూనె పోసి అరచేత్తో రాసింది. మా చిన్నప్పుడు తలంటేటప్పుడు మాడుకు రాసినంత మెల్లగా రాసింది. తర్వాత నోరు తెరిచింది.

"పల్లెవత్తా, నిన్ను..."

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. గొంతులోంచి మాట రాక దగ్గు వచ్చింది. నేను వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది.

"అనలేకపోతే వద్దమ్మా," అన్నాను. "ఇంటికి పోదాం."

"పోతే సోమాగాడి గతేమిటే?"

అని, గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, మూడుసార్లూ గబగబా అనేసింది. చేదు మందు మింగినట్టు అనేసింది. ఆ తర్వాత చీకటిగా ఉన్న మూలవైపు తిరిగి చిన్నగా మాట్లాడింది. దేవుడితో కాదు.

"రువన్, కోపం తెచ్చుకోకు నాన్నా. నీ తర్వాత వాడొక్కడే మిగిలాడు."

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. సైన్సు చెప్పే మనిషిని, అయినా ఏడ్చాను.

బయటికి వచ్చి అమ్మ కాయను అన్నయ్య చేతిలో పెట్టింది. కెమెరాలు అందుకు కూడా కాచుకునే ఉన్నాయి. అన్నయ్య వంగి అమ్మ కాళ్ళకు మొక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ అతని చెవి దగ్గర ఏదో అంది. ఏమందో నాకు వినపడలేదు కానీ ఊహించగలను.

అన్నయ్య మెట్టు ఎక్కి కాయ పైకెత్తాడు. గాలికి తెల్ల చొక్కా రెపరెపలాడింది.

"దేవుడి ముందు చెబుతున్నాను. నేను ఎవరి మనిషినీ కాను. పల్లెవత్త గారి గడప నేనెన్నడూ తొక్కలేదు. ఆయన ఇంట మంచినీళ్ళు కూడా తాగలేదు. ఇది అబద్ధమైతే నా వంశం నాశనమైపోవాలి. తిరిగిరాని నా తమ్ముడు రువన్ మీద ఒట్టు!"

కాయ రాతి మీద ఫెళ్ళున పగిలింది. నీళ్ళు అమ్మ పాదాల దాకా చిందాయి. జనం "జయవేవా! జయవేవా!" అని హోరెత్తించారు. చేపలమ్మే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. పాపం వాళ్ళంతా నమ్మారు. అన్నయ్య ఎంత బాగా చెప్పాడంటే, వంటింట్లో ఆ మాటలు విని ఉండకపోతే నేనూ నమ్మేదాన్ని.

అమ్మ కదల్లేదు. తడిసిన పాదాలవైపు చూస్తూ నిలబడింది.

"చోటు చూపించేదాకా పైకి అలా చెప్పాలేమో అమ్మా," అన్నాను. అన్నయ్యను వెనకేసుకొస్తున్నానని నాకే తెలుసు. "నిజం చెబితే పల్లెవత్త చోటు చూపించడు కదా."

పక్కన ఉన్న వదిన ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి.

"చోటూ లేదు, ఏమీ లేదు శ్రియానీ."

"అంటే?"

"ఆ భోజనాల దగ్గర నేను ఈయన పక్కనే కూర్చున్నాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పక్కనే ఉన్నాను. రువన్ పేరే ఎవరూ ఎత్తలేదు. ఈయనా అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇందాక వంటింట్లో అత్తమ్మ కాయ ఇవ్వకపోతే... అప్పుడు పుట్టింది ఆ మాట."

మెల్లగా చెప్పాననుకుంది పాపం. కానీ అమ్మ మా ఇద్దరి మధ్యనే ఉంది. చిన్నకొడుకు పోయినప్పటి నుంచి ఆమెకు చెవులు మరీ పదును, పెరట్లో ఆకు రాలినా లేస్తుంది.

అమ్మ వదినను ఏమీ అడగలేదు. ఏడవలేదు కూడా. రెండు చిప్పల్లో తన పక్కకు దొర్లి వచ్చిన ఒకదాన్ని ఏరుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది. నేను వెనకే పరిగెత్తాను.

కపు మహత్తయ అప్పుడే రాయి మీద ఎర్రగుడ్డ కప్పుతున్నాడు.

"మిరపకాయలు ఇప్పించు నాయనా," అంది అమ్మ.

"ఇప్పుడేగా తల్లీ క్షమించావు?"

"అది పాతది. ఇది కొత్తది."

ఆయన ఎండుమిరపకాయల పళ్ళెం ముందుకు తెచ్చాడు. ఆయనకూ బయటి మాటలన్నీ వినిపించి ఉంటాయి. "ఎవరి మీదో పేరు చెప్పాలి. ఈసారి తెలుసుగా?"

"తెలుసు."

"అమ్మా, వద్దు. వాడూ నీ కొడుకే," అన్నాను.

అమ్మ నావైపు చూడలేదు. వీపు నిటారుగా పెట్టి, పోలీసు స్టేషన్లలో ఇన్నేళ్ళూ ఎలా చెప్పిందో అలాగే, తడబడకుండా, ముక్క ముక్క విడదీసి చెప్పింది.

"హెట్టిఆరచ్చిగె లీలావతి. రువన్ తల్లి. సోమసిరి తల్లి."

కపు మహత్తయ బిత్తరపోయాడు. "అది నీ పేరు గదమ్మా!"

"వాడు తమ్ముడి మీద ఒట్టుపెట్టి అబద్ధమాడాడు. అది వాడి మీదికి రాకముందే నేను పట్టుకోవాలి. నా పేరే పెట్టు నాయనా దాని మీద. కన్నదాన్ని నేనే కదా."

ఆయన పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. అమ్మ చెయ్యి దాని కోసం చాచే ఉంది.

"అమ్మాయ్," అన్నాడు నాతో, "పరిగెత్తి మీ అన్నను పిలుచుకురా. ఈ రాయి ముందుకొచ్చి ఒక్కమాట, అబద్ధం చెప్పాను అని ఒప్పుకుంటే చాలు. ఒట్టు విప్పేస్తాను. మీ అమ్మకు ఈ పని తప్పుతుంది. వచ్చేదాకా నేను ఎలాగో ఆపుతాను."

జనాన్ని తోసుకుంటూ ఎలా వెళ్ళానో తెలియదు. అన్నయ్య మెట్టు మీదే ఉన్నాడు. మెడలో పూలదండ, నోటి ముందు మైకు. నేను చొక్కా పట్టుకుని కిందికి లాగి చెవిలో చెప్పాను.

"అమ్మ మిరపకాయలు నూరబోతోంది. తన పేరు మీదే. నువ్వు లోపలికొచ్చి ఒక్కమాట నిజం చెబితే ఆగుతుంది. రా అన్నయ్యా. అమ్మ కోసం రా."

అన్నయ్య మొహం పాలిపోయింది. నేను చూశాను, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఒక కాలు మెట్టు దించాడు.

తర్వాత మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "లోపల కెమెరావాళ్ళు ఎవరూ లేరు కదా?" అన్నాడు.

నేను చొక్కా వదిలేశాను.

కింద నిలబడ్డ విలేకరి అమ్మాయి అప్పుడే మైకు పైకెత్తింది. "సార్, మీ అమ్మగారు కనిపించడం లేదేమిటి?"

అన్నయ్య నావైపు చూశాడు. దేవాలె గుమ్మంవైపు చూశాడు. అంతమంది జనంవైపు చూశాడు. దించిన కాలు మళ్ళీ పైకి తీసుకున్నాడు.

"మా అమ్మ లోపల ఉంది," అన్నాడు, గొంతు సవరించుకుని. "నా కోసం పూజ చేయిస్తోంది."

"సాధు! సాధు! సాధు!" అని జనమంతా చేతులు జోడించారు.

ఆ కేకలు సద్దుమణిగాక, మా వెనక చీకట్లోంచి, రాతి మీద రాయి కదిలిన చప్పుడు వినిపించింది. అన్నయ్యకూ వినిపించింది. అతని చేతిలో మైకు అలాగే ఉంది.